‘ఏమీ జరగని’ నాలుగు ఎపిసోడ్లు: ఫ్రీరెన్ మొదటి సంపుటానికి రివ్యూ ఎలా రాయాలి

మీ ప్రశ్నలో రెండు విషయాలు ఉన్నాయి. ‘ఫ్రీరెన్: బియాండ్ జర్నీస్ ఎండ్’ అనే అనిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్) మొదటి నాలుగు ఎపిసోడ్లను ఒక సంపుటంగా తీసుకుని తెలుగులో రివ్యూ రాశారు. మీ స్నేహితుడు చదివి, ‘ఇందులో కథ ఉంది, రివ్యూ లేదు’ అన్నాడు. ఆ తర్వాత మీరే ఇంకో మాట రాశారు: ‘నిజానికి ఇందులో పెద్దగా ఏమీ జరగదు, అయినా చాలా నచ్చింది, ఎందుకు నచ్చిందో మాత్రం రాయలేకపోతున్నాను’ అని. నా దృష్టిలో మీ రివ్యూ మొదలవ్వాల్సింది ఈ రెండో మాట దగ్గరే. ‘ఏమీ జరగదు’ అని మీకు ఎందుకు అనిపించిందో వెతికితే మిగతాదంతా వరసలో పడుతుంది. కింద నాలుగు ఎపిసోడ్లలో ఉన్నవన్నీ మాట్లాడతాను, కాబట్టి ఇంకా చూడనివాళ్ళు చూశాక చదవండి.

ముందుగా ఒక మాట. నాలుగు ఎపిసోడ్లు కలిపి తీసుకోవడం మంచి నిర్ణయం. 2023 సెప్టెంబర్ 29న జపాన్‌లో నిప్పాన్ టీవీ ఈ నాలుగింటినీ ఒకే రాత్రి, రెండు గంటల ప్రత్యేక ప్రసారంగా వేసింది. అది కూడా శుక్రవారం రాత్రి సినిమాలు వేసే స్లాట్‌లో. అక్కడి నుంచి వారం వారం నడిచి, 2024 మార్చిలో 28వ ఎపిసోడ్‌తో మొదటి సీజన్ ముగిసింది. అంటే ఈ నాలుగింటినీ ఒక సినిమాలా కూర్చుని చూడాలని వాళ్ళే అనుకున్నారు. నాలుగో ఎపిసోడ్ ఎక్కడ ఆగుతుందో చూస్తే కారణం తెలుస్తుంది. ఉత్తరాన, ఒకప్పుడు రాక్షసరాజు కోట ఉన్న ఎండే అనే చోటికి వెళ్ళాలని ఫ్రీరెన్ నిర్ణయించుకునేది అక్కడే. అంతవరకూ ఈ సిరీస్‌కి గమ్యం లేదు. మీ రివ్యూలో ఈ సంగతి ఎక్కడా రాలేదు. ఒక సంపుటం గురించి రాసేటప్పుడు అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఆ ఆగడం అర్ధాంతరంగా ఉందా, ఒక మెట్టు ఎక్కి ఆగినట్టు ఉందా అన్నది చెప్పి తీరాలి. సీజన్ మొత్తానికి రాసే రివ్యూలో దీనికి చోటు ఉండదు. సంపుటం రివ్యూ చేయగలిగిన పని అదే.

ఇప్పుడు కథ సంగతి. మీరు ఆరు పేరాల్లో ఎపిసోడ్ల వారీగా చెప్పుకుంటూ వెళ్ళారు. చూసినవాడికి అది అక్కర్లేదు, చూడనివాడికి అది నష్టం. ఇక్కడ కథ చెప్పడానికి మూడు వాక్యాలు చాలు. రాక్షసరాజును చంపి పదేళ్ళ ప్రయాణం ముగించుకుని నలుగురు రాజధానికి తిరిగొస్తారు: వీరుడు హిమ్మెల్, పూజారి హైటర్, మరుగుజ్జు జాతి యోధుడు ఐసెన్, వేల ఏళ్ళు బతికే ఎల్ఫ్ జాతి మంత్రగత్తె ఫ్రీరెన్. యాభై ఏళ్ళ తర్వాత హిమ్మెల్ ముసలితనంతో చనిపోతాడు, అతని గురించి తనకు దాదాపు ఏమీ తెలియదని ఫ్రీరెన్‌కి అంత్యక్రియల దగ్గర అర్థమవుతుంది. మనుషులను తెలుసుకోవాలని ఆమె మళ్ళీ బయలుదేరుతుంది, దారిలో ఫెర్న్ అనే అనాథ పిల్ల ఆమెకు శిష్యురాలవుతుంది. హిమ్మెల్ మరణం చెప్పేస్తే స్పాయిలర్ కాదా అని అడగొచ్చు. కాదు. అది ఈ కథకు పునాది. ‘వీరుడు హిమ్మెల్ మరణించిన 20 ఏళ్ళకు’, ‘26 ఏళ్ళకు’ అని తెర మీద అక్షరాలు వస్తూనే ఉంటాయి. హైటర్ ఆడిన అబద్ధం మాత్రం చెప్పకండి. మీ డ్రాఫ్ట్‌లో అది ఉంది, తీసేయండి.

మిగిలిన చోటంతా దేనికి వాడాలి? ఈ సంపుటం దేనికి ఎంత సమయం ఇచ్చిందో చెప్పడానికి. ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడండి. పదేళ్ళ యుద్ధ ప్రయాణానికి, అంటే మామూలుగా ఒక ఫ్యాంటసీ సిరీస్ మొత్తం నడిచే భాగానికి, ఇక్కడ వరస కథలో చోటే లేదు. జ్ఞాపకాల్లో ముక్కలు ముక్కలుగా వస్తుంది. రాక్షసరాజును చంపడం మనకు చూపించరు. ఆ తర్వాతి యాభై ఏళ్ళు కొద్ది క్షణాల్లో దాటిపోతాయి. రాజధానిలో నలుగురూ కలిసి యాభై ఏళ్ళకోసారి వచ్చే ఉల్కావర్షం చూస్తున్నప్పుడు, ఇంతకన్నా బాగా కనిపించే చోటు తనకు తెలుసని, వచ్చేసారి అక్కడికి తీసుకెళ్తానని ఫ్రీరెన్ చాలా మామూలుగా అంటుంది. మనం వచ్చే ఆదివారం కలుద్దాం అన్నంత తేలిగ్గా. ఆమె తిరిగొచ్చేసరికి హిమ్మెల్‌కి జుట్టు లేదు, మనిషి కుంచించుకుపోయాడు. మరోవైపు, ఒక ఊళ్ళో హిమ్మెల్ విగ్రహం దగ్గర పూయించడానికి ఒక నీలిపువ్వు కోసం వెతకడం ఉంది చూశారా, దానికి దాదాపు అర ఎపిసోడ్ ఇచ్చారు. రాక్షసరాజుకి ఒక్క సన్నివేశం లేదు, పువ్వుకి అర ఎపిసోడ్ ఉంది. మీకు ‘ఏమీ జరగదు’ అనిపించింది ఇందుకే. జరిగేవి చాలానే ఉన్నాయి. మనం సమయం ఇవ్వాలనుకునేవాటికి వాళ్ళు ఇవ్వలేదు, మనం పట్టించుకోనివాటికి ఇచ్చారు.

దీన్ని రివ్యూలో చెబితే ‘ల్యాగ్’ అనే మాటకు కూడా జవాబు దొరుకుతుంది. మన ప్రేక్షకుల్లో ఆ మాట చాలా తొందరగా వస్తుంది. ‘ల్యాగ్ లేదు, ఓపిగ్గా చూడండి’ అని మీరు రాశారు. ఓపిక పట్టమని పాఠకుడిని అడగకండి. సమయం ఎక్కడ పరుగెత్తుతుందో, ఎక్కడ ఆగుతుందో చూపిస్తే చాలు, అది తనకు సరిపడుతుందో లేదో అతనే తేల్చుకుంటాడు. నా అభిప్రాయం అడిగితే, ఈ నాలుగు ఎపిసోడ్లలో కాలం నడిపిన తీరు ఈ మధ్య వచ్చిన ఫ్యాంటసీ అనిమేల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది. ఎల్ఫ్‌లు వేల ఏళ్ళు బతుకుతారని ఎన్నో కథలు చెప్పాయి. వేల ఏళ్ళు బతికేవాళ్ళకి పదేళ్ళు ఎలా ఉంటాయో చూసేవాడి ఒంటికి తెలిసేలా చేసినవి తక్కువ.

అంత్యక్రియల సన్నివేశాన్ని మీరు ‘గుండెను పిండేస్తుంది’ అని ఒక్క ముక్కలో వదిలేశారు. అది ఎలా పిండుతుందో రాయాలి. ముందు జనం గుసగుసలు వినిపిస్తాయి. ఆమె ముఖంలో బాధే లేదని అనుకుంటారు. అప్పటికి ఫ్రీరెన్‌కి నిజంగానే ఏం అనిపించాలో తెలియదు. శవపేటిక మీద మట్టి పడుతున్నప్పుడు కన్నీళ్ళు వస్తాయి, వాటిని చూసి ముందు ఆశ్చర్యపోయేది ఆమే. హిమ్మెల్ పోయాడన్న బాధకంటే, మనుషుల ఆయుష్షు చిన్నదని తెలిసి కూడా అతన్ని తెలుసుకునే ప్రయత్నం చేయలేదన్న బాధ పెద్దదిగా ఉంటుంది. దుఃఖానికి ముందు పశ్చాత్తాపం వచ్చింది. ఈ ఒక్క గమనింపు రాస్తే ‘ఎమోషనల్’ అనే మాట మీకు అవసరం పడదు.

హైటర్ భాగం దగ్గర జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే దాని అందం అంతా దాచిపెట్టిన విషయంలో ఉంది. స్పాయిలర్ లేకుండా ఇంతవరకూ చెప్పొచ్చు: చావుకు దగ్గరైన ఒక తాగుబోతు పూజారి తను పెంచుకుంటున్న పిల్లను ఒక పాత స్నేహితురాలి చేతిలో పెట్టాలనుకుంటాడు, కానీ నేరుగా అడిగితే ఆమె ఒప్పుకోదు. ఫెర్న్‌ని అతను ఎందుకు చేరదీశాడన్న దానికి వచ్చే జవాబు ఈ సంపుటానికే మూలస్తంభం. తను పోతే హిమ్మెల్ నుంచి నేర్చుకున్న ధైర్యం, పట్టుదల, స్నేహం కూడా లోకంలోంచి పోతాయని అతను అనుకుంటాడు. హిమ్మెల్ ఉంటే ఏం చేసేవాడో అదే తను చేస్తాడు. ఇది మీరు గట్టిగా పట్టుకోవాల్సిన దారం. ఐసెన్ దగ్గరికి వచ్చేసరికి కూడా ఇదే దారం కనిపిస్తుంది. చనిపోయిన మనిషి ఈ నాలుగు ఎపిసోడ్లలో అందరికన్నా ఎక్కువ పని చేస్తుంటాడు.

ఇక క్వాల్ ఘట్టం. మూడో ఎపిసోడ్‌లో ఉన్న ఈ పోరాటాన్ని మీరు ‘ఫైట్ బాగుంది కానీ చిన్నది’ అని దాటేశారు. నన్నడిగితే మీ రివ్యూకి ఇదే గుండెకాయ కావాలి. క్వాల్ అనే రాక్షసుడిని ఓడించలేక హిమ్మెల్ బృందం ఎనభై ఏళ్ళ క్రితం బంధించి వదిలేసింది. అతను కనిపెట్టిన మంత్రం జోల్ట్రాక్, మనుషులను చంపే మంత్రం. ఆ రోజుల్లో ఏ కవచమూ, ఏ రక్షణ మంత్రమూ దాన్ని ఆపలేకపోయేవి. ఇప్పుడు బంధం విప్పాక అతను అదే మంత్రం వేస్తాడు, పదహారేళ్ళ వయసున్న ఫెర్న్ దాన్ని అడ్డుకుంటుంది. ఎందుకంటే ఆ ఎనభై ఏళ్ళలో మనుషులు ఆ మంత్రాన్ని విడదీసి చదివారు, దానికి విరుగుడు కనిపెట్టారు, ఆఖరికి దాన్నే తమ మామూలు దాడి మంత్రంగా మార్చుకున్నారు. ఫెర్న్ మొదటినుంచీ నేర్చుకున్నది అదే. రాక్షసుడికి ఎనభై ఏళ్ళు ఒక కునుకు. మనుషులకు అది ఒక విద్య మొత్తం తలకిందులైపోయే కాలం.

చూశారా, ఇక్కడ కాలం మనుషుల పక్షాన ఉంది. మొదటి ఎపిసోడ్‌లో ఆయుష్షు చిన్నదవడం మనుషుల దురదృష్టం. మూడో ఎపిసోడ్‌లో అదే చిన్న ఆయుష్షు వాళ్ళ బలం. తొందర ఉన్నవాళ్ళు కాబట్టే తరం తర్వాత తరం పట్టుకుని నేర్చుకున్నారు. మంత్రాల వ్యవస్థను ఇంత శ్రద్ధగా కథలోని ప్రధాన విషయానికి ముడివేయడం అరుదు. చాలా ఫ్యాంటసీల్లో మంత్రాలకు నియమాలు ఉంటాయి, ఇక్కడ మంత్రాలకు చరిత్ర ఉంది. ఫైట్ నిడివి గురించి రాసే బదులు ఇది రాయండి.

నాలుగో ఎపిసోడ్‌లో కొత్త సంవత్సరం సూర్యోదయం సన్నివేశం మీరు అసలు ప్రస్తావించలేదు, ఆశ్చర్యంగా ఉంది. ఫ్రీరెన్‌కి పొద్దున లేవడం చేతకాదు. పాత ప్రయాణంలో స్నేహితులు ఇదే సూర్యోదయాన్ని చూడటానికి వెళ్ళినా తను వెళ్ళలేదు. ఈసారి కష్టపడి లేచి చూస్తుంది, ఆమెకు అందులో పెద్ద విశేషం ఏమీ కనిపించదు. పక్కకు తిరిగితే ఫెర్న్ ముఖం వెలిగిపోతూ ఉంటుంది. తను ఒక్కతే అయితే ఇది చూసి ఉండేది కాదని అప్పుడు అర్థమవుతుంది. మూడో ఎపిసోడ్‌లో పుట్టినరోజుకి ఫెర్న్‌కి ఏది నచ్చుతుందో తెలియక ఫ్రీరెన్ తలక్రిందులవడం, చివరికి జుట్టుకు పెట్టుకునే అలంకారం ఒకటి కొనివ్వడం కూడా దీనికి ముందు మెట్టే. మనుషులను తెలుసుకోవాలని పెద్దగా ప్రకటించిన మనిషి, ఆ పనిని ఎంత చిన్న చిన్న విషయాల్లో మొదలుపెట్టిందో ఈ రెండూ చూపిస్తాయి.

యానిమేషన్, సంగీతం గురించి మీరు రాసిన పేరా గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. ‘విజువల్స్ సూపర్, బీజీఎం వేరే లెవెల్’ అనే వాక్యాన్ని ఏ అనిమే రివ్యూలోనైనా అతికించొచ్చు. ఎక్కడైనా అతికే వాక్యం ఈ సంపుటం గురించి ఏమీ చెప్పనట్టే. ఈ సిరీస్‌ని తీసింది మ్యాడ్‌హౌస్ స్టూడియో, దర్శకుడు కెయిచిరో సైతో. ఆయన దీనికి ముందు తీసిన ‘బోచ్చి ద రాక్!’లో పాత్రల ముఖాలు సాగిపోతాయి, కరిగిపోతాయి, ముక్కలవుతాయి. అక్కడ అంత అల్లరి చేసిన మనిషి ఇక్కడ ఫ్రీరెన్ ముఖంలో కనుబొమ్మ కదపడానికి కూడా పొదుపు పాటించాడు. అందుకే ఆమె ఏడ్చినప్పుడు మనకు అంత తగులుతుంది. ఫ్రీరెన్‌కి గొంతు ఇచ్చిన అత్సుమి తానెజాకి ‘స్పై ఎక్స్ ఫ్యామిలీ’లో చిన్నపిల్ల ఆన్యాకి గొంతు ఇచ్చినావిడే. ఆ రెండు గొంతులూ పక్కపక్కన విని చూడండి, ఇక్కడ ఆమె ఎంత తగ్గించి మాట్లాడిందో తెలుస్తుంది. సంగీతం ఎవాన్ కాల్ చేశారు. సంగీతం గురించి రాయడం రాకపోతే ఒక మార్గం ఉంది. ఏదో ఒక సన్నివేశాన్ని రెండోసారి చూసేటప్పుడు సంగీతం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నది మాత్రం రాసుకోండి. రాగాల పేర్లు తెలియకపోయినా, ఆగిన చోటు గురించి రాయగలరు. మీరు ఏ భాషలో చూశారో కూడా ఒక మాటలో చెప్పండి. డబ్బింగ్‌లో చూసి గొంతుల గురించి రాస్తే, జపనీస్‌లో చూసినవాడికి మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలియదు.

లోపాలు రాయడానికి మీరు భయపడినట్టున్నారు. నచ్చిన సిరీస్‌లో లోపం చెబితే దానికి ద్రోహం చేసినట్టు కాదు. నాకు ఈ సంపుటంలో రెండు ఇబ్బందులు కనిపించాయి. ఒకటి, ఈ లోకం బయటికి చాలా మామూలుగా ఉంది. వీరుడు, పూజారి, యోధుడు, మాంత్రికురాలు, రాక్షసరాజు అనే ఈ పొందిక 1986లో మొదలైన ‘డ్రాగన్ క్వెస్ట్’ సిరీస్ లాంటి వీడియో గేమ్‌ల నుంచి జపాన్‌లో అందరికీ తెలిసిందే. తెలిసిన కథ ముగిసిన చోట మొదలుపెట్టాలన్నది రచయిత కనేహితో యమాదా ఆలోచన కాబట్టి దానికి ఒక సమర్థన ఉంది. అయినా ఊరికీ ఊరికీ తేడా తెలియని ఆ రాతి ఇళ్ళు, ఆ ఎర్ర కప్పులు నాలుగో ఎపిసోడ్‌కి కొంచెం విసుగు తెప్పిస్తాయి. రెండోది ఇంకొంచెం ముఖ్యమైనది. ఊళ్ళో ఎవరో చిన్న పని చెబుతారు, ఆ పని చేస్తుంటే హిమ్మెల్ జ్ఞాపకం వస్తుంది, ఆ జ్ఞాపకానికి ఇప్పుడు అర్థం తెలుస్తుంది. ఈ అచ్చు పువ్వు దగ్గర బాగుంది, సముద్రతీరం శుభ్రం చేసే దగ్గర ఇదీ ఇలాగే ముగుస్తుందని ముందే తెలిసిపోయింది. ఫ్రీరెన్, ఫెర్న్ ఇద్దరూ మాట తక్కువ మనుషులే కావడం వల్ల కూడా ఒకే స్వరం మీద నడిచినట్టుంటుంది. వాళ్ళతో గొడవపడే మూడో మనిషి లోటు ఈ సంపుటంలో ఉంది. మీకు ఇవే అనిపించాలని లేదు, మీకు అనిపించినవే రాయండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. మీరు సీజన్ మొత్తం చూసి వచ్చి మొదటి సంపుటం గురించి రాస్తున్నారు. హిమ్మెల్ అన్ని విగ్రహాలు ఎందుకు పెట్టించుకున్నాడన్న దానికి అసలు కారణం తర్వాతి ఎపిసోడ్లలో వస్తుంది. మీరు దాన్ని తెచ్చి రెండో ఎపిసోడ్‌ని మెచ్చుకున్నారు. తర్వాత వచ్చే గొప్పతనాన్ని ముందు సంపుటం ఖాతాలో వేయకండి. ‘ఈ విగ్రహాల సంగతి గుర్తుపెట్టుకోండి’ అన్నంతవరకూ ఫరవాలేదు. అలాగే ఈ సిరీస్‌కి మూలమైన మాంగాతో, అంటే జపనీస్ కామిక్‌తో పోలిక. త్సుకాసా అబే బొమ్మలతో ఇది 2020లో ‘వీక్లీ షోనెన్ సండే’ పత్రికలో మొదలైంది, 2021లో మాంగా తైషో పురస్కారం అందుకుంది. మాంగా చదివినవాళ్ళు ‘పుస్తకంలో ఉన్నట్టే తీశారు’ అని రాసి ఊరుకుంటారు. ఉన్నట్టే తీయలేదు. పుస్తకంలో పేజీ తిప్పితే యాభై ఏళ్ళు అయిపోతాయి, ఎంతసేపు ఆగాలన్నది చదివేవాడి చేతిలో ఉంటుంది. తెర మీద అది దర్శకుడి చేతిలోకి వెళ్ళింది. మీరు రెండూ చూసి ఉంటే ఆ తేడా గురించి రాయండి, లేదంటే పోలిక జోలికి వెళ్ళకండి.

మార్కుల గురించి అడిగారు. 28 ఎపిసోడ్ల సీజన్‌లో నాలుగింటికి పదికి తొమ్మిదిన్నర వేస్తే తర్వాత వచ్చేవాటికి చోటు ఉండదు. నేనైతే సంపుటాలకు మార్కులు వేయను. ‘ఇది చూశాక తర్వాతిది చూడాలనిపించిందా, ఎందుకు’ అన్నదానికి రెండు వాక్యాలు రాస్తాను. తప్పనిసరిగా వేయాలంటే వేయండి, కానీ ఆ అంకెను రివ్యూ మొదట్లో పెట్టకండి, చదివేవాడు అక్కడే ఆగిపోతాడు.

నేను చెప్పింది పొడిగా ఉండకుండా, పువ్వు భాగాన్ని నేనైతే ఎలా రాస్తానో ఒక పేరా పెడుతున్నాను. కాపీ చేయకుండా తీరు మాత్రం చూడండి:

‘పూలతోట పూయించే మంత్రం ఫ్రీరెన్‌కి వచ్చు. కానీ తను చూడని పువ్వును పూయించలేదు. హిమ్మెల్ సొంతూరి పువ్వు ఇప్పుడు ఎక్కడా లేదని అందరూ అంటున్నా ఆమె నెలల తరబడి వెతుకుతుంది. ఇలా ఏళ్ళు గడిచిపోతాయేమోనని ఫెర్న్ కంగారు పడుతుంది, ఎందుకంటే ఆ ఏళ్ళు ఫెర్న్‌కి ఖర్చు, ఫ్రీరెన్‌కి కాదు. పదేళ్ళు పక్కన నడిచినప్పుడు అడగని ప్రశ్నలకు ఈమె ఇప్పుడు కొండలెక్కి జవాబు వెతుకుతోంది. శత్రువు లేని, తొందర లేని భాగం ఇది, అయినా నాకు అన్నిటికన్నా టెన్షన్ పుట్టించింది ఇదే.’

ఇందులో కథ ఎంత ఉందో, నా అభిప్రాయం ఎంత ఉందో విడదీయడం కష్టం. మీ స్నేహితుడు అడిగింది అదే అనుకుంటాను. క్వాల్ ఘట్టం గురించి మీరు ఇలాంటి పేరా ఒకటి రాయండి, మిగతా డ్రాఫ్ట్ ముట్టుకోకుండా ముందు అదొక్కటే. రాసి ఇక్కడే పెడితే చదివి చెబుతాను.